పెద్దమ్మ రుచి చూసిన సినిమాలు

మా పెద్దమ్మ నలభై రెండు సైనిక కుక్కల ప్రాణాలను ఒక్క నాలుకతో కాపాడింది. చేతిలో తుపాకీ లేదు, కర్ర లేదు, పక్కన తోడుగా మనిషి లేడు. ఉన్నదల్లా ఒక పొడుగు కాడ గరిటె. శత్రువులు కుక్కల కూట్లో ఏదో కలిపారు. ఈవిడ గరిటె అంచు నాలుకకు ఆనించి, కళ్లు మూసుకుని, "ఆగండి" అంది. నలభై రెండు కుక్కలూ తోక కదపకుండా ఆగిపోయాయి. ఆ తరువాత వరుసగా నిలబడి, ముందుకాళ్లు ఎత్తి, ఆవిడకు వందనం చేశాయి. ఈ సంగతి నేను కనీసం వందమందికి చెప్పి ఉంటాను. తొంభైమంది నమ్మారు. నమ్మని పదిమందీ బాగా చదువుకున్నవాళ్లు. నేను ఎనిమిదో తరగతి మధ్యలోనే బడికి సెలవు ఇచ్చినవాణ్ణి కనుక నాకు ఆ ఇబ్బంది లేదు.

ఇప్పుడు కొంచెం నిజం కూడా చెబుతాను. పెద్దమ్మ ఇరవై ఆరేళ్లు సైన్యంవారి కుక్కల శిబిరంలో వంటమనిషి. సైనికులకు వండేవాళ్లు వేరే ఉండేవారు. ఈవిడ వండింది కుక్కలకే. మాంసం ఉడకబెట్టడం, ఎముకల రసంలో బియ్యం, క్యారెట్ ముక్కలు వేసి మెత్తగా చేయడం, చల్లార్చి నంబరు వేసిన గిన్నెల్లో పెట్టడం. అక్కడ ఒక నియమం ఉండేది. కుక్కల ముందు గిన్నెలు పెట్టే ముందు వంటమనిషి ఆ కుండలోంచి ఒక చెంచా తినాలి. తిని, గోడ గడియారం చూసి, అరగంట కూర్చోవాలి. అరగంట తరువాత కూడా వంటమనిషి నిక్షేపంగా కూర్చునే ఉంటే పుస్తకంలో టైము వేసి సంతకం పెట్టాలి. అప్పుడు కుక్కలు తింటాయి.

ఆ అరగంట ఉద్యోగంలో చేరిన రోజే ఆవిడ వెంట ఇంటికి వచ్చేసింది, ఉద్యోగం అయిపోయినా పోలేదు. ఇంట్లో కూర దించగానే ఒక చెంచా నోట్లో వేసుకుంటుంది, గడియారం చూస్తుంది, ముక్కాలిపీట మీద కూర్చుంటుంది. ఆ అరగంటలో కంచం ముట్టే ధైర్యం ఎవరికీ లేదు. మా పెదనాన్న గడియారాలు బాగుచేసేవాడు. వీధి చివర చిన్న కొట్టు. వేడికూర మీద ఆశతో ఒకసారి వంటింటి గడియారాన్ని పదిహేను నిమిషాలు ముందుకు తిప్పాడు. పెద్దమ్మ చెంచా దించకముందే పట్టేసింది. ఆ వారమంతా గంట చొప్పున కూర్చుంది. వేడికూర ఎలా ఉంటుందో పెదనాన్నకు పెళ్లికి ముందు సంగతిగా మాత్రమే గుర్తు.

వాళ్ల కూతురు, అంటే మా అక్క, అదే శిబిరంలో పెరిగి అందులోనే ఉద్యోగంలో చేరింది. కుక్కను పట్టుకుని ముందు నడిచే పని. నేలలో పాతిన మందుపాతరలను ఆ కుక్క వాసన పట్టాలి, అక్క దాని ముఖం చదవాలి. కుక్క పేరు మీసం. మూతికి రెండు పక్కలా నల్లటి మచ్చలు ఉండబట్టి ఆ పేరు. ఆ శీతాకాలం అక్కనూ మీసాన్నీ కొండల మీది దారికి పంపారు. అక్కడ ఫోన్ పనిచేయదు. నాలుగైదు రోజులకోసారి కిందికి దిగినప్పుడు మాట్లాడేది. బావ లారీ నడుపుతాడు, వారంలో ఆరు రోజులు రోడ్ల మీదే. అందుకని వాళ్ల ఏడేళ్ల కూతురు అమ్మమ్మ ఇంట్లో ఉంది. దాన్ని అందరం పిడుగు అంటాం. ఎందుకో అడగకండి, ఇంటి తలుపులు చూస్తే తెలుస్తుంది.

ఒకరోజు బడిలో టీచరు, మీ ఇంట్లోవాళ్లు చేసే పని బొమ్మ గీయమంది. పిడుగు వాళ్లమ్మనూ, మీసాన్నీ గీసింది. పక్కపిల్ల అడిగింది, "కుక్క ఏం చేస్తుంది?" అని. పిడుగుకు తెలియలేదు. అంతటి పిడుగూ ఇంటికొచ్చి సంచీ విసిరేసి కూర్చుంది.

"నాకు సైన్యం కుక్కల సినిమాలు కావాలి. అమ్మ ఏం చేస్తుందో చూడాలి."

ఇంట్లో ఓటీటీ లేదు. నేను ఇళ్లకు ఇంటర్నెట్ తీగలు లాగేవాణ్ణి కనుక ఈ విషయంలో ఆ ఇంటికి మంత్రి, పురోహితుడు, వైద్యుడు అన్నీ నేనే. వెంటనే కుర్చీ లాక్కున్నాను.

"పెద్దమ్మా, ఎర్రదుంది, నీలిదుంది, పచ్చదుంది. మూడూ పెట్టిస్తా, మొదటి వారం ఊరికే ఇస్తారు, హాయిగా చూడండి."

"ఒక ఇంటికి ఒక వంటిల్లు చాలురా. మూడు పెట్టి ఏది ఎక్కడుందో వెతుక్కుంటూ కూర్చోవాలా? ఒక్కటే."

"ఏది మంచిదో ఎలా తెలుస్తుంది మరి?"

"మొదటి వారం ఊరికే ఇస్తారన్నావుగా. ఒక్కోదాన్నీ ఒక్కో వారం చూద్దాం. మంచిది ఉంటుంది, మిగతావి పోతాయి."

అక్కడితో ఆగలేదు. పిడుగు చేతులు కడుక్కోవడానికి వెళ్లగానే గొంతు తగ్గించింది.

"శనివారం మధ్యాహ్నం పిల్ల చూస్తుంది. అంతకుముందే అది బడిలో ఉన్నప్పుడు నేను చూడాలి. సినిమాలో కుక్కకేమైనా అయిందనుకో, అది మీసం అనుకుంటుంది. ఆ పక్క మనిషికేమైనా అయిందనుకో..."

పెదనాన్న చేతిలోని పట్టకారు బల్ల మీద పెట్టాడు. మిగతాది చెప్పనవసరం లేకపోయింది.

మొదటి వారం ఎర్రది. శుక్రవారం పొద్దున పెద్దమ్మ టీవీ ముందు ముక్కాలిపీట వేసుకుని, ఒళ్లో నోటుపుస్తకం పెట్టుకుని కూర్చుంది. సినిమా పేరు కింద 'కుటుంబ సమేతంగా' అని రాసుంది, పక్కన నవ్వుతున్న సూర్యుడి బొమ్మ. చూసింది, టైము వేసింది, సంతకం పెట్టింది. "బాగుందిరా. కుక్కపిల్లలు, పరుగులు, ఒక కుక్కపిల్ల నీళ్ల తొట్లో పడుతుంది. పెట్టొచ్చు" అంది. నేను నమ్మాను. ఇరవై ఆరేళ్ల సంతకం అది.

శనివారం అందరం కూర్చున్నాం. పిడుగు అందరికంటే ముందు, నేల మీద. కుక్కపిల్లలు వచ్చాయి, పరుగులు తీశాయి, ఒకటి తొట్లో పడింది. పిడుగు పడీ పడీ నవ్వింది. "మామయ్యా, మీసం కూడా ఇలా పడుంటాడా?" అంది. "పడ్డాడు, నీళ్లన్నీ తాగేసి లేచాడు" అన్నాను. గంట గడిచింది. తెర మీద కుక్క పెరిగింది, సైనికుడితో ఒక వంతెన దగ్గరికి వచ్చింది. సంగీతం మారింది. నేను పెద్దమ్మ వైపు చూశాను. ఆవిడా నా వైపే చూస్తోంది. ఆ ముఖం చూడగానే తెలిసింది. ఈ వంతెనను ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

నేను రిమోట్ కోసం దూకాను. అది సోఫా సందులోకి పోయింది. పెదనాన్న లేచి టీవీకి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు. కానీ మా పెదనాన్న తుమ్మితే ఎగిరిపోయేటంత సన్నటి మనిషి. ఆయనకు అటూ ఇటూ తెల్లటి పేలుడు వెలుగు కనిపించింది. ఆ తరువాత జెండా కప్పిన పెట్టె మీద సైనికుడి టోపీ, దాని పక్కన కుక్క మెడపట్టీ.

పిడుగు ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

"అమ్మ ఎప్పుడు ఫోన్ చేసింది?" అని అడిగింది.

"సోమవారం" అంది పెద్దమ్మ.

"ఇవాళ శనివారం."

అంతే. ఆ పూట పిడుగు కంచం ముందు కూర్చుంది కానీ ముట్టలేదు. "మీసం తిన్నాడని తెలిశాక తింటా" అంది. వాళ్ల అమ్మమ్మ ఫోన్‌ను తీసుకెళ్లి తన ఒళ్లో పెట్టుకుంది.

పిల్ల పెరట్లోకి వెళ్లాక నేను అడిగాను.

"పెద్దమ్మా, నువ్వు సినిమా ఎంతసేపు చూశావు?"

"అరగంట."

"అరగంటేనా!"

"గడియారం చూసి కూర్చున్నానురా. అరగంటలో ఏమీ కాలేదు. సంతకం పెట్టాను."

నాకు నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. "పెద్దమ్మా, కుండలో విషం మొదటి చెంచాలోనే ఉంటుంది. సినిమావాళ్లు ఆఖర్న కలుపుతారు!"

పెదనాన్న వెనకనుంచి, "నేను ముప్పై ఏళ్లుగా చెబుతున్నా, ఆ అరగంటకు అన్నిచోట్లా లెక్క సరిపోదని" అన్నాడు.

"మీరు ఊరుకోండి. మీ గోల కూర గురించి" అంది పెద్దమ్మ. కానీ నోటుపుస్తకం తెరిచి, తన సంతకాన్ని అడ్డంగా కొట్టేసింది. ఇరవై ఆరేళ్లలో కొట్టేసిన మొదటి సంతకం అదేనని తరువాత చెప్పింది. నేను కలిపింది కాదు, ఆవిడే చెప్పింది.

రెండో వారం నీలిది. ఈసారి ప్రతి సినిమా మొదటి అక్షరం నుంచి ఆఖరి పేరు దాకా చూసింది. బట్టలు మడుస్తూ కూడా కాదు, ఊరికే కూర్చుని. నాలుగు సినిమాలు చూసింది. నోటుపుస్తకం నేను దొంగతనంగా చదివాను. 'ఒకటి: గంటా పన్నెండు నిమిషాలు, కుక్క పోయింది. రెండు: గంటన్నర, కుక్క పోయింది. వాన. మూడు: కుక్క బతికింది, మనిషి పోయాడు. ఇది మరీ అన్యాయం. నాలుగు: మొదటి నిమిషంలోనే సమాధి చూపించి, తరువాత కథ చెప్పారు. వీళ్లకు పని లేదు.' నాలుగింటి పక్కనా ఏదో ఒక నవ్వు బొమ్మ ఉంది.

పెద్దమ్మ నీలిదాని కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టమన్నాను.

"నమస్కారం మేడమ్, మీకు ఏ విధంగా సహాయపడగలను?" అంది అవతలి అమ్మాయి.

"కుక్క చావని సినిమా ఉందామ్మా మీ దగ్గర?"

"సారీ మేడమ్, మీ ప్లాన్ పేరు చెప్తారా?"

"ప్లాన్ ఏముందమ్మా, కుక్క చావకూడదు. పక్కనున్న మనిషి కూడా. సైన్యం కుక్క అవ్వాలి. అదే నా ప్లాను."

"మేడమ్, ఫ్యామిలీ విభాగంలో చూడండి, అవన్నీ పిల్లలకు తగినవే."

"నాలుగు చూశాను తల్లీ. నాలుగిళ్లలో చావులకు వెళ్లొచ్చినట్టుంది."

అవతలి అమ్మాయి గొంతు మారింది, నోటి మీద చెయ్యి అడ్డుపెట్టుకున్నట్టు వినిపించింది. "ఆంటీ, మా ఇంట్లోనూ కుక్క ఉంది. మంచుకొండ పోస్టరున్న సినిమా మాత్రం పెట్టకండి. నేను రెండు రోజులు డ్యూటీకి రాలేదు. మా దగ్గర మీరడిగింది లేదు. నేను చెప్పానని అనకండి."

"నువ్వు బంగారం. భోంచేశావా?" అంది పెద్దమ్మ. ఆ ప్రశ్నకు ఫారంలో గడి లేదనుకుంటాను, ఆ అమ్మాయి నవ్వి పెట్టేసింది.

ఈలోగా అక్క ఫోన్ రాలేదు. పన్నెండు రోజులయ్యాయి. పెదనాన్న సైన్యం ఆఫీసుకు ఫోన్ చేస్తే, మంచు పడి దారి మూసుకుపోయిందని, పైన అందరూ క్షేమమని చెప్పారు. అదే మాట పిడుగుకు చెప్పాం.

"వాళ్లు చూశారా?" అంది పిడుగు.

"చెప్పారు కదమ్మా" అన్నాడు పెదనాన్న.

"చూశారా?"

పిల్ల రెండు ముద్దలు తిని లేచిపోయేది. ఆ రెండు కూడా అమ్మమ్మ బతిమాలితేనే. తలుపులు కూడా మెల్లగా వేయడం మొదలుపెట్టింది. ఆ ఇంట్లో తలుపు చప్పుడు లేకపోతే ఎంత భయంగా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది.

మూడో వారం పచ్చది పెట్టించాను. చిన్న కంపెనీ, బొమ్మలు కూడా కొంచెం మసక. సైన్యం కుక్కల సినిమా ఒక్కటే ఉంది. రెండు గంటల ఇరవై నిమిషాలు. ఈల వింటే బల్ల కింద దూరే ఒక పిరికి కుక్క కథ. పెద్దమ్మ శుక్రవారం మొత్తం చూసింది. నేను వెళ్లేసరికి టీవీ ఆపేసి, పెన్ను పట్టుకుని, సంతకం పెట్టకుండా కూర్చుని ఉంది.

"ఏమైంది? ఇందులోనూ పోయిందా?"

"లేదు. గంటా నలభై దగ్గర కొండచరియ కింద పడిపోతుంది. గంటా యాభై రెండుకు బయటికొస్తుంది. సైనికుడూ బాగానే ఉంటాడు."

"ఇంకేం మరి, సంతకం పెట్టు!"

"ఆ పన్నెండు నిమిషాలు పిల్ల ఎక్కడ ఉండాలిరా?"

నేను ఎదురుగా కూర్చుని వినడానికి సిద్ధమయ్యాను. అది నా జీవితంలో అరుదైన సంఘటన.

పెద్దమ్మ తనలో తను మాట్లాడుకున్నట్టు చెప్పింది. "కొత్త కుక్కలు శిబిరానికి వచ్చినప్పుడు రెండు మూడు రోజులు తినేవి కావు. బెదురు. ఎంత సంతకం పెట్టినా దానికేం తెలుస్తుంది? నేను వెళ్లి దాని పక్కన నేల మీద కూర్చునేదాన్ని. దాని గిన్నెలోంచి, అది చూస్తుండగా, ఒక ముద్ద తినేదాన్ని. అప్పుడు మూతి పెట్టేది." పెన్ను మూత బిగించింది. "రేపు నేను కుర్చీలో కూర్చోను."

మర్నాడు మధ్యాహ్నం పిడుగు సినిమాకు రానంది. గుమ్మంలో నిలబడి గోడ గీకుతోంది. పెద్దమ్మ మోకాళ్లు పట్టుకుని మెల్లగా నేల మీదికి దిగి, పక్కన చాప తట్టింది.

"రావే. ఇది నేను నిన్న మొత్తం చూశాను."

"అరగంటా?"

పిల్లకు ఆ సంగతి ఎవరు చెప్పారో నన్ను అడగకండి.

"మొత్తం. ఆఖరిదాకా. కుక్క బతుకుతుంది. మనిషీ బతుకుతాడు. మధ్యలో భయం ఉంది. ఎప్పుడొస్తుందో నేను చెప్తాను."

"సినిమా చూసే పద్ధతి అదేనా? కథంతా ముందే చెప్పేస్తే ఇంక చూసేదేముంది?" అన్నాడు పెదనాన్న.

"మీరు కొట్టుకెళ్లి రండి" అన్నారు అమ్మమ్మ, మనవరాలు ఒకేసారి. పెదనాన్న కదలలేదు, దిండు సర్దుకున్నాడు.

సినిమా మొదలైంది. పెద్దమ్మ ప్రతి సీనుకూ ఒక నిమిషం ముందు నడిచింది. "ఇప్పుడు బల్ల కింద దూరుతుంది, చూడు. ఇప్పుడు ఆయన తిడతాడు, కానీ మంచివాడే. ఇదిగో, ఈ వాసన పట్టేది చూడు, మీ అమ్మా మీసం చేసేది ఇదే, తోక ఎలా నిలబెట్టిందో చూడు." పిడుగు కొంచెం కొంచెంగా జరిగి అమ్మమ్మ ఒళ్లోకి వచ్చేసింది. ఆ కుక్క మొదటిసారి మందుపాతర దగ్గర కదలకుండా కూర్చున్నప్పుడు, "ఓ, అందుకా కూర్చుంటాడు మీసం!" అంది. రెండు వారాల తరువాత ఆ గొంతులో అంత చప్పుడు వినడం అదే.

గంటా నలభై వచ్చింది. కొండ కూలింది. తెరంతా దుమ్ము. సరిగ్గా అప్పుడు టీవీ మధ్యలో తెల్లటి చక్రం తిరగడం మొదలుపెట్టింది. కుక్క మట్టి కింద, చక్రం కుక్క మీద. నేను స్వయంగా లాగిన తీగ అది, ఊళ్లో నా తీగకు తిరుగు లేదని చెప్పుకునేవాణ్ణి. ఆ క్షణంలో నేను కూడా కొండచరియ కింద ఉంటే బాగుండుననిపించింది.

"మామయ్యా!" అని అరిచింది పిడుగు.

నేను ఇంటర్నెట్ డబ్బా దగ్గరికి పరిగెత్తాను, తీగ పీకాను, పెట్టాను. చక్రం తిరుగుతూనే ఉంది. ఒక నిమిషం, రెండు, నాలుగు.

పెద్దమ్మ లేవలేదు. గడియారం వైపు కూడా చూడలేదు. పిల్ల వీపు మీద చెయ్యి వేసి, మామూలు గొంతుతో చెప్పింది. "చక్రం తిరిగినా తిరక్కపోయినా కుక్క బయటికొస్తుంది. కనబడట్లేదు, అంతే. లోపల అది బాగానే ఉంది. ముందు ఎడమకాలు వస్తుంది, తరువాత మూతి. నేను చూశాను."

"నిజంగా చూశావా?"

"నా కళ్లతో."

పిడుగు ఆ తిరిగే చక్రాన్ని కాసేపు చూసింది. తరువాత అడిగింది, "అమ్మమ్మా, రొట్టె ఉందా?"

పెదనాన్న వంటింట్లోకి వెళ్లిన వేగం చూస్తే ఆయన మోకాళ్ల నొప్పులన్నీ నాటకమని తేలిపోయింది. పిల్ల రొట్టె తింటూండగా బొమ్మ కదిలింది. ముందు ఎడమకాలు, తరువాత మూతి. "చెప్పిందిగా!" అని పిడుగు మాకే చెప్పింది, మేమేదో నమ్మనట్టు.

సోమవారం పొద్దున నేను కొత్త తీగ వేయడానికి వెళ్లాను. స్టూలెక్కి గోడకు మేకు కొడుతున్నాను. పిడుగు బడి బట్టల్లో, ఒక కాలికి మేజోడు. పెద్దమ్మ అప్పుడే కూర దించి చెంచా నోట్లో పెట్టుకుంది. ఫోన్ మోగింది. చెంచా నోట్లోనే ఉంచుకుని ఎత్తింది.

"అమ్మా! నేనే. దారి తెరిచారు, ఇప్పుడే కిందికి దిగాం" అంది అక్క గొంతు.

పెద్దమ్మ నోట్లోంచి మాట రాలేదు. చెంచా కారణమని తరువాత అంది. పిడుగు ఫోన్ లాక్కుంది.

"అమ్మా, మీసం ఎక్కడ?"

"ఇక్కడే, నా కాలి మీద కూర్చున్నాడు. మూడు వారాలు ఒకే గదిలో తినడం, పడుకోవడం. రెండు కిలోలు పెరిగాడు దొంగవెధవ. మీరు భయపడ్డారా?"

"తాతయ్య భయపడ్డాడు" అంది పిడుగు. "మీసానికి పెట్టేముందు ఎవరు రుచి చూశారు?"

"నేనే. అరగంట ఆగాను కూడా. మీ అమ్మమ్మ కూతుర్ని కదా."

పెదనాన్న గోడకు ఆనుకుని గట్టిగా ఊపిరి వదిలాడు. నేను స్టూలు మీద నుంచే ఒక పాట అందుకున్నాను, ఎవరూ ఆపలేదు. పిడుగు ఫోన్ పెట్టేసి, రెండో మేజోడు వేసుకుని, పెరటి తలుపు ధడాలున వేసింది. ఇంటి గోడలు అదిరాయి. అబ్బా, ఎంత హాయిగా ఉందో ఆ చప్పుడు!

పెద్దమ్మ కంచాలు పెట్టింది. అందరికీ వడ్డించింది. మేము చేతులు ఒళ్లో పెట్టుకుని, అలవాటుగా గడియారం వైపు చూస్తూ కూర్చున్నాం. "తినండి, ఏం చూస్తున్నారు?" అంది. పెదనాన్న నమ్మలేదు. ఒకసారి ఆవిడను, ఒకసారి గడియారాన్ని చూసి, ఆవిడ మనసు మార్చుకునేలోగా పెద్ద ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నాలుక కాలింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అలాగే నవ్వుతూ రెండో ముద్ద పెట్టుకున్నాడు. ముప్పై ఏళ్ల తరువాత మనిషికి వేడికూర దొరికితే కాలిన నాలుకను ఎవరు పట్టించుకుంటారు?

ఎర్రదీ నీలిదీ పోయాయి. ఆ ఇంట్లో ఇప్పుడు పచ్చది ఉంది. ప్రతి శనివారం అదే సినిమా. ఇప్పుడు ఎడమకాలు వస్తుందని ఒక నిమిషం ముందు చెప్పేది పిడుగే. నోటుపుస్తకంలో ఆ సినిమా ఎదురుగా రెండు సంతకాలున్నాయి, రెండోది వంకర టింకర అక్షరాలతో.

ఇదంతా రాసి పెద్దమ్మకు చదివి వినిపించాను. గరిటె, నలభై రెండు కుక్కలు, అవి చేసిన వందనం, అక్క ఫోన్ వచ్చిన ఆనందంలో ఆవిడ గడియారాన్నే మరిచిపోవడం, అన్నీ. చిక్కుడుకాయలు వలుస్తూ తలెత్తకుండా వింది. ఆఖర్న అంది:

"నలభై రెండు కాదు, పదకొండు. విషమూ లేదు, వందనమూ లేదు. కూట్లో ఉప్పు పడింది, పడిందని చెప్పాను, మళ్లీ వండాను. ఫోన్ వచ్చినరోజు గడియారం మరిచిపోలేదు. చూడలేదు, అంతే."